గింజలో పలుకు లేకుండా, ముక్క చెదరకుండా: గింజలూ కూరగాయల స్ట్యూ

ఒంట్లో నలతగా ఉన్న రోజున, బయట వాన పడుతున్న సాయంత్రం, పని చేసి చేసి అలసిపోయి ఇంటికి చేరిన రాత్రి, వేడివేడి స్ట్యూ గిన్నె చేతిలోకి తీసుకుంటే ఆ హాయే వేరు. నోట్లో వేసుకోగానే వెన్నలా కరిగే గింజలు, వాటి మధ్య ఆకారం చెడని కూరగాయ ముక్కలు, గరిటె నుంచి నెమ్మదిగా జారే చిక్కటి రసం. ఖరీదైన దినుసు ఒక్కటీ అక్కర్లేదు. పెద్ద నేర్పు కావలసిన పని కూడా ఏదీ లేదు.

అయినా చాలామంది ఒకసారి చేసి మళ్లీ దీని జోలికి పోరు. ఎందుకని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: గింజలు ఉడకలేదు, కూరగాయలేమో ముద్దైపోయాయి. నాకూ మొదటిసారి అచ్చం ఇలాగే జరిగింది. నానబెట్టిన గింజలు, టమాటాలు, బంగాళాదుంపలు, క్యారెట్లు అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాను. గంటన్నర గడిచింది. దుంపలు కరిగిపోయాయి, క్యారెట్ రంగు వెలిసింది, గింజను కొరికితే మాత్రం లోపల పలుకు తగులుతోంది. ఇంకో గంట ఉడికించినా పలుకు పోలేదు. ఇంట్లో అందరూ ఆకలితో ఎదురుచూస్తున్నారు. ఆ రాత్రి నాకు బాగా గుర్తుంది. తప్పు గింజల్లో లేదు, టమాటాలు వేసిన వేళలో ఉంది. ఆ సంగతి తెలిశాక ఈ వంటకం నాకు మళ్లీ చెడిపోలేదు.

ఈ స్ట్యూ రుచి అంతా వరుసలో ఉంది. ముందు గింజ పూర్తిగా ఉడకాలి. ఆ తర్వాత కూరగాయలు, అవి కూడా ఎంతసేపట్లో ఉడుకుతాయో చూసుకుని ఒకదాని తర్వాత ఒకటి. పులుపు చివరికి. కింద రాసినదంతా ఈ వరుసను విడమరిచి చెప్పడమే.

ఏ గింజలు తీసుకోవాలి

బీన్స్ అనగానే పచ్చి కాయలు గుర్తొస్తాయి కాబట్టి ముందే చెబుతున్నాను, ఇక్కడ గింజలంటే ఎండు గింజలు. రాజ్మా, తెల్ల చిక్కుడు గింజలు, అలసందలు, కాబూలీ శనగలు, వీటిలో ఏదైనా పనికొస్తుంది. దేని స్వభావం దానిది. రాజ్మా తొక్క గట్టిగా ఉండి, రసానికి ఎర్రటి రంగునిస్తుంది. తెల్ల గింజలు బాగా మెత్తబడి రసాన్ని తామే చిక్కబరుస్తాయి. మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా ఇవే. అలసందలు చిన్నవి, తొక్క పలచన, త్వరగా ఉడుకుతాయి, సమయం లేని రోజున ఇవి మేలు. కాబూలీ శనగలు ఎంత ఉడికినా ఆకారం వదలవు, కొరుకుడు ఇష్టపడేవాళ్లకు బాగుంటాయి.

ఒకే స్ట్యూలో రెండు రకాలు కలపాలనిపిస్తే విడివిడిగా ఉడికించి చివర్లో కలపండి. రాజ్మా మెత్తబడేసరికి అలసందలు పిండైపోతాయి.

గింజలు కొనేటప్పుడు చూడాల్సింది పరిమాణం కాదు, తాజాదనం. ఎండు గింజలు పాడవ్వవనుకుంటాం గానీ, వేడీ తేమా ఉన్న చోట నెలల తరబడి నిలవున్న గింజ లోపల మారిపోతుంది, ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. తొక్క ముడతలు పడి, పగుళ్లిచ్చి, రంగు మాసినట్టున్న గింజలు అలాంటివే కావచ్చు. కొత్త పంట గింజ నున్నగా, ఒకే రంగులో మెరుస్తూ ఉంటుంది. ఇంట్లో డబ్బా అడుగున ఎప్పటివో తెలియని గింజలుంటే వాటి మీద కొత్తవి పోయకండి. రెండూ కలిశాయంటే సగం ఉడికి సగం ఉడకని కూరే మిగులుతుంది.

నలుగురికి కావలసినవి

ఎండు గింజలు 200 గ్రాములు, అంటే సుమారు ఒక కప్పు. ఉడికాక ఇవి రెండున్నర నుంచి మూడు కప్పులవుతాయి. మధ్యరకం ఉల్లిపాయలు రెండు, వెల్లుల్లి ఆరు రెబ్బలు, క్యారెట్లు రెండు, బంగాళాదుంపలు రెండు, గుమ్మడి గానీ క్యాబేజీ గానీ 200 గ్రాములు, పచ్చి బీన్స్ గుప్పెడు, పండిన టమాటాలు మూడు, పాలకూర లాంటి ఆకుకూర రెండు గుప్పెళ్లు. నూనె మూడు టేబుల్ స్పూన్లు, జీలకర్ర ఒక టీస్పూన్, మిరియాల పొడి అర టీస్పూన్, బిర్యానీ ఆకులు రెండు, ఉప్పు, అర చెక్క నిమ్మరసం. కారం కావాలనుకుంటే ఒక ఎండుమిరపకాయ చాలు. ఇది నాలుక మండించే వంటకం కాదు, కడుపులో చల్లగా దిగాల్సింది.

కూరగాయల జాబితా ఇంట్లో ఉన్నదాన్ని బట్టి మార్చుకోవచ్చు. కాకపోతే మూడు రకాలు తగ్గకుండా చూసుకోండి: తీపి ఇచ్చేది ఒకటి (క్యారెట్, గుమ్మడి), రసాన్ని చిక్కబరిచేది ఒకటి (బంగాళాదుంప, చిలగడదుంప), చివర్లో పచ్చదనం తెచ్చేది ఒకటి (ఆకుకూర, పచ్చి బఠానీ, బీన్స్). వంకాయ, బెండకాయ ఇందులో వేయకపోవడమే మంచిది. వంకాయ రసాన్ని నల్లబరుస్తుంది, బెండ జిగురు చేస్తుంది.

ముందు రోజు రాత్రి: నానబెట్టడం

గింజలను పళ్లెంలో పోసి రాళ్లు, పుచ్చులు ఏరి, రెండుసార్లు కడగండి. పెద్ద గిన్నెలో లీటరు నీళ్లు పోసి, ఒక టేబుల్ స్పూన్ ఉప్పు కరిగించి, అందులో గింజలు వేసి 8 నుంచి 12 గంటలు నాననివ్వండి. బాగా ఎండగా ఉన్న రోజుల్లో బయట ఉంచితే పులిసిపోతాయి, ఫ్రిజ్‌లో పెట్టండి.

ఉప్పు నీళ్లా అని ఆశ్చర్యపోకండి. ఉప్పు వేస్తే గింజ ఉడకదని చాలా ఇళ్లలో చెప్పుకుంటారు. నానబెట్టే దశలో జరిగేది దానికి తలకిందులు. గింజ తొక్కను గట్టిగా పట్టి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. కాల్షియం, మెగ్నీషియం దాన్ని బిగించి ఉంచుతాయి. ఉప్పులోని సోడియం మెల్లగా వాటి చోటికి చేరి ఆ బిగువు సడలిస్తుంది. అందుకే ఉప్పు నీళ్లలో నానిన గింజ తొక్క చిట్లకుండా, మెత్తగా, లోపలిదాకా రుచి పట్టి ఉడుకుతుంది. ఒకే గింజలను సగం ఉప్పు నీళ్లలో, సగం మామూలు నీళ్లలో నానబెట్టి పక్కపక్కన ఉడికించి చూడండి. ఆ తేడా తిన్నవాళ్లకే తెలుస్తుంది.

మరునాడు గింజలు ఉబ్బి, బరువు దాదాపు రెట్టింపవుతాయి. ఒక గింజను గోరుతో రెండు బద్దలుగా విడదీసి చూడండి. లోపల అంతా ఒకే రంగులో ఉంటే నానినట్టు. మధ్యలో తెల్లటి పొడిచుక్క కనిపిస్తే ఇంకో రెండు గంటలు ఆగాలి. నానిన నీళ్లు పారబోసి, గింజలను మళ్లీ బాగా కడగండి. తిన్నాక కడుపు ఉబ్బరం కలిగించే రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరల్లో కొంత ఆ నీళ్లతో పోతుంది.

రాత్రి నానబెట్టడం మరిచిపోతే, గింజలు మునిగి నాలుగు వేళ్లు పైకి నీళ్లు పోసి, రెండు మూడు నిమిషాలు కళపెళా మరిగించి, పొయ్యి ఆపి, మూతపెట్టి గంటసేపు వదిలేయండి. రాత్రంతా నానిన గింజంత బాగా రాదు గానీ పని జరుగుతుంది. రాజ్మాకు మాత్రం ఈ దగ్గరిదారి వద్దు. కనీసం 5 గంటలు నీళ్లలో నాననివ్వండి, ఎందుకో కిందే చెబుతాను.

రాజ్మా వాడేవాళ్లు తప్పక చదవాల్సింది

పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే ప్రోటీన్ల జాతికి చెందిన ఫైటోహిమాగ్లుటినిన్ అనే విష పదార్థం ఉంటుంది. సరిగా ఉడకని నాలుగైదు గింజలు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వికారం, వాంతులు, తర్వాత విరేచనాలు పట్టుకుంటాయి. అన్ని చిక్కుడు గింజల్లోనూ ఇది కొంత ఉంటుంది, ఎర్ర రాజ్మాలో బాగా ఎక్కువ.

భయపడాల్సిన పని లేదు, మరిగించాలి అంతే. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో, కళపెళా మరిగే వేడిలో అరగంట ఉడికితే ఆ విషం పూర్తిగా నశిస్తుంది. ప్రమాదం సగం వేడిలోనే ఉంది. 80 డిగ్రీల దగ్గర ఉంచితే అది సరిగా పోదు సరికదా, పచ్చి గింజలో కంటే విషం తీవ్రత పెరగవచ్చు. కరెంటు స్లో కుక్కర్లలో గింజలు చేసేవాళ్లు అందుకే ముందు పొయ్యి మీద మరిగించి, ఆ తర్వాతే అందులో వేయాలి. ప్రెషర్ కుక్కర్లో ఈ బెంగ అక్కర్లేదు, లోపలి వేడి 100 డిగ్రీలు దాటి 120 దాకా వెళ్తుంది. డబ్బాలో వచ్చే ఉడికిన రాజ్మాతోనూ భయం లేదు.

గింజలు ఉడికించడం

మందపాటి అడుగున్న గిన్నెలో గింజలు వేసి, లీటరుంబావు కొత్త నీళ్లు పోయండి. అర టీస్పూన్ ఉప్పు, ఒక బిర్యానీ ఆకు, చితక్కొట్టిన రెండు వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు నూనె వేసి పెద్ద మంట మీద పెట్టండి. పొంగు వచ్చి తెల్లటి నురుగు పైకి తేలుతుంది, గరిటెతో తీసేయండి. రాజ్మా అయితే అరగంట, తక్కినవైతే పది నిమిషాలు బాగా మరగనిచ్చి, అప్పుడు మంట తగ్గించి మూత వారగా పెట్టండి.

ఇక్కడినుంచి నీళ్లు కళపెళలాడకూడదు. పైన అక్కడొక బుడగ, ఇక్కడొక బుడగ మెల్లగా లేవాలి. పెద్ద మంట మీద ఉడికిస్తే గింజలు ఒకదానికొకటి ఒరుసుకుని తొక్కలు ఊడిపోతాయి, లోపల ఉడికేలోపే పైన చిట్లిపోతాయి. నీళ్లు ఎప్పుడూ గింజల మీద ఒక వేలు పైకి ఉండాలి. తగ్గితే వేడి నీళ్లు పోయండి. నానిన అలసందలకు అరగంట నుంచి ముప్పావుగంట, తెల్ల గింజలకు గంట, రాజ్మాకు, కాబూలీ శనగలకు గంట నుంచి గంటన్నర పట్టవచ్చు. గడియారం చూసి కాదు, గింజ చూసి నిర్ణయించండి.

ఎలా చూడాలంటే, గరిటెతో నాలుగైదు గింజలు తీసి మెల్లగా ఊదండి. తొక్క ముడుచుకుని పైకి లేచిందంటే ఉడుకు దగ్గరపడిందన్నమాట. ఇప్పుడు ఒకదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కండి. ఏ మాత్రం ఎదురు లేకుండా, లోపల గరుకు తగలకుండా మెత్తటి ముద్దలా అణగాలి. ఒక గింజ మెత్తగా ఉందని ఆపేయకండి, కనీసం ఐదు గింజలు వేర్వేరు చోట్ల నుంచి తీసి చూడండి. ఐదూ మెత్తగా ఉంటేనే ఉడికినట్టు. ఒక్కదానిలో పలుకు ఉన్నా ఇంకో పది నిమిషాలు ఉడకనివ్వాల్సిందే. గింజ కొంచెం ఎక్కువ ఉడికినా స్ట్యూకు నష్టం లేదు, తక్కువ ఉడికితే మాత్రం తర్వాత సరిచేయలేం.

ప్రెషర్ కుక్కర్ అయితే గింజలూ నీళ్లూ కలిపి సగానికి మించకూడదు. నురుగు లేచి వెయిట్ రంధ్రానికి అడ్డుపడే ప్రమాదం ఉంది. చెంచాడు నూనె వేయడం ఆ నురుగును అణచడానికే. మొదటి విజిల్ వచ్చాక మంట సిమ్‌లో పెట్టి, రాజ్మా, శనగలకైతే పావుగంట, అలసందలకైతే ఐదారు నిమిషాలు ఉంచి పొయ్యి ఆపండి. ఆవిరి దానంతట అదే పోవాలి. తొందరపడి వెయిట్ ఎత్తితే లోపల నీళ్లు ఒక్కసారిగా మరిగి గింజలు చిట్లిపోతాయి.

గింజలు ఉడికిన నీళ్లు పారబోయకండి. చిక్కగా, కాస్త జిగురుగా, గింజ రుచంతా దిగిన ఆ నీళ్లే ఈ స్ట్యూకు ప్రాణం. కూరగాయలు మాత్రమే ఉడికిన రసంలో ఆ నిండుదనం రాదు.

పులుపు ముందు వేస్తే ఏమవుతుంది

నా మొదటి ప్రయత్నం చెడింది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. గింజలోనూ కూరగాయలోనూ కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచేది పెక్టినే. వేడి తగిలి అది కరిగితేనే గింజ మెత్తబడుతుంది. పులుపు ఉన్న నీళ్లలో అది కరగడానికి మొరాయిస్తుంది. టమాటా, నిమ్మ, చింతపండు, వెనిగర్, ఏదైనా ఇంతే. గింజలో పలుకు ఉండగా పులుపు పడితే ఆ పలుకు దాదాపు అక్కడే నిలిచిపోతుంది.

కాల్షియం ఎక్కువున్న నీళ్లూ ఇదే పని చేస్తాయి. మీ ఇంట్లో గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతుంటే, సబ్బు సరిగా నురగ రాకపోతే, అవి గట్టినీళ్లు. అలాంటప్పుడు ఫిల్టర్ నీళ్లు వాడండి, లేదా ఉడికేటప్పుడు వంటసోడా చిటికెడు వేయండి. సోడా పులుపుకు విరుగుడులాంటిది, పెక్టిన్‌ను త్వరగా కరిగిస్తుంది. చిటికెడు మించితే మాత్రం గింజలు పిండై సబ్బు రుచి వస్తుంది.

ఇదే గుణాన్ని మనం చివర్లో ఉపయోగించుకుంటాం. గింజలు మెత్తబడ్డాక టమాటా వేస్తే అవి ఇక చెదరవు. మళ్లీ మళ్లీ వేడి చేసినా ఆకారం నిలుపుకుంటాయి.

ఉల్లిపాయల దగ్గర తొందర వద్దు

గింజలు ఉడుకుతుండగా ఇంకో పొయ్యి మీద వెడల్పాటి మందపు గిన్నె పెట్టి, మిగిలిన నూనె వేడి చేయండి. జీలకర్ర చిటపటలాడాక, సన్నగా తరిగిన ఉల్లిపాయలు, పావు టీస్పూన్ ఉప్పు వేయండి. ఉప్పు ఉల్లిలోని నీళ్లను బయటికి లాగుతుంది, మాడకుండా మెత్తబడుతుంది.

ఈ దశలో చెవులు కూడా పని చేయాలి. మొదట నీళ్లు ఇగిరే చప్పుడు గట్టిగా ఉంటుంది. ఏడెనిమిది నిమిషాలకు ఆ చప్పుడు సన్నగిల్లి చిటపటగా మారుతుంది. అంటే నీళ్లు పోయాయి, ఇప్పుడే వేగడం మొదలైందన్నమాట. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, అప్పటికి ఉల్లి తెల్లగా మెత్తబడి ఉంటుంది తప్ప రుచి పుట్టదు. మధ్యస్థ మంట మీద మరో పది నిమిషాలు వేయించండి. అంచులు బంగారు రంగుకు తిరిగి, వాసన ఘాటు నుంచి తీపికి మారుతుంది. అడుగున గోధుమరంగు పొర అంటుకుంటుంటే రెండు చెంచాల నీళ్లు చల్లి గరిటెతో గీకి కలిపేయండి. ఆ పొరలోనే రుచి ఉంది. మాంసం వేయని స్ట్యూకు లోతు ఇచ్చేవాటిలో ఇది మొదటిది. ఈ ఇరవై నిమిషాలు తగ్గించుకోవద్దని నా మనవి.

ఇప్పుడు మిగిలిన వెల్లుల్లి సన్నగా తరిగి వేసి, అర నిమిషం తిప్పండి. వెల్లుల్లి మాడితే చేదెక్కి స్ట్యూ అంతా పాడవుతుంది. వెంటనే టమాటా ముక్కలు, ఎండుమిరపకాయ వేసి, పచ్చివాసన పోయి, గుజ్జు దగ్గరపడి, నూనె అంచుల్లో తేలేదాకా వేయించండి. పది నిమిషాలు పడుతుంది. పూర్తయ్యాక దీన్ని చిన్న గిన్నెలోకి తీసి పక్కన పెట్టండి. ఇంకా పులుపు కలిపే వేళ కాలేదు.

కూరగాయలు: ఒకదాని వెనక ఒకటి

ముక్కలన్నీ సుమారు రెండు సెంటీమీటర్ల మేర ఒకే సైజులో కోయండి. మరీ చిన్నవైతే కరిగిపోతాయి, పెద్దవైతే చెంచాలో గింజతో కలిసి రావు. ఒక చెంచా ఎత్తితే అందులో గింజ, ముక్క, రసం మూడూ ఉండాలి.

ఉల్లి వేయించిన గిన్నెలోనే గింజలను వాటి నీళ్లతో సహా పోసి, అడుగు గీకి కలపండి. ముక్కలు మునగడానికి చాలకపోతే రెండు కప్పుల వేడి నీళ్లు పోయండి. మెల్లగా మరగడం మొదలవగానే క్యారెట్, బంగాళాదుంప, రెండో బిర్యానీ ఆకు, ఒక టీస్పూన్ ఉప్పు వేయండి. ఏడెనిమిది నిమిషాల తర్వాత గుమ్మడి లేదా క్యాబేజీ, పచ్చి బీన్స్. ఇంకో ఎనిమిది నిమిషాలకు చాకు మొనతో క్యారెట్‌ను గుచ్చి చూడండి. కొంచెం పట్టి దిగితే, పక్కన పెట్టిన ఉల్లి టమాటా ముద్ద కలిపే సమయం వచ్చినట్టే. పచ్చి బఠానీ ఉంటే ఇప్పుడే వేయండి.

ముద్ద కలిపాక పది నిమిషాలు, మూత తీసి, సన్నని సెగ మీద ఉంచండి. పులుపు చేరింది కాబట్టి ముక్కలు ఇక పెద్దగా మెత్తబడవు, రసం మాత్రం చిక్కబడుతూ అన్ని రుచులూ కలుస్తాయి. గరిటెతో అదేపనిగా తిప్పకండి, అడుగంటకుండా రెండు మూడుసార్లు అడుగు నుంచి పైకి కదిపితే చాలు.

చిక్కదనం కోసం పిండి కలపాల్సిన పని లేదు. పావు కప్పు గింజలు, రెండు దుంప ముక్కలు గిన్నె పక్కకు లాగి గరిటె వెనకభాగంతో మెదిపి కలిపేయండి. వాటిలోని గంజి రసాన్ని పట్టేస్తుంది. గరిటెను రసంలో ముంచి తీసి, వెనకవైపు వేలితో ఒక గీత గీయండి. గీత కలిసిపోకుండా నిలిస్తే చిక్కదనం సరిపోయింది. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది, అందుకని పొయ్యి మీద ఉండగా కాస్త జారుగా ఉన్నప్పుడే ఆపాలి.

చివరి ఐదు నిమిషాలు

ఆకుకూర చివర్లోనే ఎందుకంటే, పులుపులో ఎక్కువసేపు ఉడికితే పచ్చటి రంగు పోయి ముదురు బూడిదపచ్చగా మారుతుంది. పొయ్యి ఆపడానికి రెండు నిమిషాల ముందు, చేత్తో తుంచిన పాలకూర వేసి రసంలో ముంచండి చాలు.

ఇప్పుడు రుచి చూడండి. చప్పగా అనిపిస్తే వెంటనే ఉప్పు వైపు చేయి చాచకండి. ముందు అర చెంచా రసం పక్కన తీసుకుని, అందులో రెండు చుక్కల నిమ్మరసం వేసి నాలుక మీద పెట్టి చూడండి. చాలాసార్లు తగ్గింది పులుపే. గింజలు, దుంపలు రుచిని అణచివేస్తాయి, కాస్త పులుపు పడగానే ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. అప్పటికీ చాలకపోతే ఉప్పు చిటికెడు చిటికెడుగా. మిరియాల పొడి పొయ్యి ఆపాకే వేయండి, ముందే వేస్తే సువాసన ఆవిరితో పోయి ఘాటే మిగులుతుంది. నిమ్మరసం కూడా అంతే, వేడి తగ్గాక పిండితే విటమిన్ సి నిలుస్తుంది. గింజల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి విటమిన్ సి తోడ్పడుతుంది. చివరగా ఒక చెంచా మంచి నూనె, పచ్చిదే, పైన ధారగా పోయండి.

మూతపెట్టి పావుగంట కదపకుండా ఉంచండి. గిన్నె దించగానే తింటే నోరు కాలడమే తప్ప రుచి తెలియదు. ఈ పావుగంటలో గింజలు రసాన్ని పీల్చుకుని రుచి సర్దుకుంటుంది. అన్నంతోనో రొట్టెతోనో తింటే మరీ మంచిది. గింజల ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, మెథియోనిన్ అనేది తక్కువ, ధాన్యాల్లో అది తారుమారు. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. గింజలు తినడం అలవాటు లేనివాళ్లు మొదట్లో చిన్న గిన్నెతో మొదలుపెట్టి కొన్ని వారాల్లో పెంచుకుంటే కడుపు ఇబ్బంది పెట్టదు.

డబ్బా గింజలతో

వారంలో పని రోజున ఎండు గింజలు ఉడికించే తీరిక లేకపోతే, ఉడికించి డబ్బాలో నింపినవి వాడుకోవచ్చు. 400 గ్రాముల డబ్బాలో నీళ్లు వడగడితే సుమారు 240 గ్రాముల గింజలుంటాయి, నలుగురికి రెండు డబ్బాలు కావాలి. వడగట్టి పంపు కింద కడిగితే అదనపు ఉప్పు కొంత పోతుంది. కూరగాయలు ముప్పాతిక ఉడికాక, టమాటా ముద్దతో పాటు వీటిని వేయండి. గింజల నీళ్లు లేని లోటు తీరడానికి, ఉల్లి వేయించేటప్పుడే ఎండు పుట్టగొడుగులు రెండు మూడు నానబెట్టి తరిగి వేస్తే, నానిన నీళ్లు కూడా వడగట్టి పోస్తే, రసానికి బలం వస్తుంది.

ఎక్కడైనా తేడా వస్తే

గింజలు ఎంతకీ మెత్తబడకపోతే, ఇంకా పులుపు వేయలేదు కదా అని ముందు చూసుకోండి. వేయకపోతే చిటికెడు వంటసోడా వేసి కుక్కర్లో పెట్టండి. టమాటా ఇప్పటికే పడి ఉంటే దానికీ కుక్కరే దిక్కు, గింజలను వేరు చేసి కొత్త నీళ్లతో పెట్టండి. అప్పటికీ పలుకు పోని గింజలు పాతవి, వాటిని తినొద్దు, ముఖ్యంగా రాజ్మా అయితే.

ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప ముక్క వేసి తీసేస్తే పీల్చుకుంటుందంటారు. దుంప ఉప్పునొక్కదాన్నీ ఏరి పీల్చుకోదు, ఉప్పు నీళ్లను పీల్చుకుంటుంది, మిగిలిన రసం అంతే ఉప్పగా ఉంటుంది. ఉప్పు లేని ఉడికిన గింజలు గానీ, వేడి నీళ్లు గానీ కలపడమే దారి.

అడుగంటిన వాసన వస్తే వెంటనే పొయ్యి ఆపండి. గరిటెతో అడుగు కదపొద్దు. పైనున్నదాన్ని నెమ్మదిగా ఇంకో గిన్నెలోకి వంచి, అంటుకున్నదాన్ని వదిలేయండి. కదపనంతవరకు మాడు రుచి పైకి రాదు.

నిలవ ఉంచడం

మిగిలిన స్ట్యూ మరునాటికి ఇంకా బాగుంటుంది, కానీ చల్లార్చే పద్ధతి ముఖ్యం. పెద్ద గిన్నెలో మూతపెట్టి రాత్రంతా పొయ్యి మీద వదిలేస్తే మధ్యభాగం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. వండినప్పుడు చావని కొన్ని సూక్ష్మజీవుల బీజాలు మొలకెత్తి పెరగడానికి ఆ వేడే కావాలి. వెడల్పాటి, లోతు తక్కువ పాత్రల్లోకి సర్ది, వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజులు నిలవుంటుంది. ఫ్రీజర్‌లో అయితే రెండు మూడు నెలలు. ఫ్రీజర్‌కని చేసేటప్పుడు బంగాళాదుంప మానేయండి, కరిగాక ముక్క నీరుకారి రవ్వరవ్వగా తయారవుతుంది. ఆకుకూర కూడా వేడి చేసే రోజునే వేసుకోండి.

తినేంత మాత్రమే బయటికి తీసి, అర కప్పు నీళ్లు కలిపి, అడుగు నుంచి ఆవిరి లేచి బుడగలు వచ్చేదాకా వేడి చేయండి. మళ్లీ నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి, నిన్నటి పులుపు గింజల్లో ఇంకిపోయి ఉంటుంది.